చెచెన్ల తొలి ఇమాం షేక్ మన్సూర్ నిజంగా ఏం చేశాడు?

అడిగిన ప్రశ్న ఇది: "ఇమాం షామిల్ పేరు చాలామంది విన్నారు. ఆయనకు యాభై ఏళ్ళ ముందే షేక్ మన్సూర్ అనే ఒకాయన రష్యా మీద తిరగబడ్డాడనీ, చెచెన్ల పోరాటానికి ఆయనే ఆద్యుడనీ అంటారు. ఆరేళ్ళకే పట్టుబడిపోయిన మనిషికి అంత పేరెందుకు వచ్చింది? ఆయన తుర్కీవాళ్ళు పంపిన మనిషా? అసలు చెచెనే కాదు, వేషం మార్చిన ఇటలీ సన్యాసి అని కూడా ఒకచోట చదివాను. ఇందులో నిజమెంత?"

డిగ్రీ పిల్లలకు ప్రపంచ చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. కాకసస్, అంటే నల్లసముద్రానికీ కాస్పియన్‌కూ మధ్య ఉన్న కొండల ప్రాంతం, నాకు పాత పిచ్చి, అందుకని జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి. చెచెన్లు అక్కడివాళ్ళే. షామిల్ 19వ శతాబ్దంలో అక్కడి కొండజాతుల్ని నడిపి రష్యాతో పోరాడిన నాయకుడు.

ముందు సూటిగా చెప్పేస్తాను. యుద్ధాల లెక్క తీస్తే మన్సూర్ పద్దులో పెద్ద గెలుపు ఒక్కటే, 1785 జూలైలో సున్జా నది పక్క అడవిలో. ఆ తరవాత కోటల మీదికి వెళ్ళిన ప్రతిసారీ దెబ్బతిన్నాడు. అయినా పేరు నిలిచిందంటే అంతకుముందు ఎవరి వల్లా కాని పని ఒకటి ఆయన వల్ల అయింది గనక. రాజు లేడు, సైన్యం లేదు, ఒక ఊరి మాట ఇంకో ఊరు వినాలన్న నియమం లేదు. అలాంటి జనం కొద్దికాలమైనా ఒక మాట మీద నిలబడ్డారు. తమాషా ఏమిటంటే ఆయన మొదట గొంతెత్తింది రష్యా మీద కాదు, తనవాళ్ళ మధ్య ఉన్న పగల మీద. ఆయన్ను యుద్ధనాయకుణ్ణి చేసింది చాలావరకు రష్యన్ అధికారులే.

"తొలి" అన్న మాట సంగతి కూడా తేల్చుకుందాం. రష్యన్ సేనలు చెచెన్ల చేతిలో దెబ్బతినడం మన్సూర్‌తో మొదలు కాలేదు. 1722లో పీటర్ చక్రవర్తి కాస్పియన్ వైపు దండెత్తినప్పుడు ఎందిరేయ్ దగ్గర ఆయన అశ్వికదళానికి గట్టి దెబ్బ తగిలింది. 1732లో చెచెన్-అవుల్ మీదికి వెళ్ళిన కర్నల్ కోఖ్ దళానికీ అదే గతి పట్టింది. కానీ అవి ఊరి మీదికి వచ్చినవాణ్ణి ఊరు తరిమికొట్టిన పోట్లాటలు. చెచెన్లు, వాళ్ళ ఇరుగుపొరుగు జాతులైన కుమిక్‌లు, దాగెస్తాన్ కొండజాతులు, కబర్దీలు, నొగాయీలు ఒకే పిలుపుకు కదలడం మన్సూర్ నాటి నుంచే. ఆ అర్థంలో ఆయన తొలివాడే.

ఇప్పుడు ఆ జనం ఎలాంటివాళ్ళో చూడాలి, లేకపోతే మిగతా కథ అంతుపట్టదు. చెచెన్లలో రాజవంశాలు లేవు. ఎవరికి వారు తైప్ అనే వంశ సముదాయంలో ఉంటారు, తగువులు పెద్దలు కూర్చుని తేలుస్తారు. వాళ్ళు నడిచే కట్టుబాటును అదత్ అంటారు, అంటే తాతల నాటి ఆచారం. అందులో నెత్తుటి పగ ఒక భాగం. ఒకణ్ణి చంపితే వాడి వంశం బదులు తీర్చుకుని తీరాలి, అది తరాల తరబడి సాగుతుంది. మైదానంలోని ఊళ్ళ మీద కుమిక్, కబర్దీ ప్రభువులు పెత్తనం చేయబోయినప్పుడు చెచెన్లు వాళ్ళను వెళ్ళగొట్టారు కూడా. ఎవరి కిందా ఉండరు, బాగానే ఉంది. కానీ ఎవరి కిందా ఉండనివాళ్ళు అందరూ కలిసి ఒకడి వెంట నడవడం ఎంత కష్టమో ఆలోచించండి.

రష్యా మాత్రం ఒక పద్ధతి ప్రకారం దక్షిణానికి జరుగుతూ వచ్చింది. 1735లో కిజ్ల్యార్ కోట, 1763లో మొజ్దోక్, 1777లో అజోవ్ నుంచి మొజ్దోక్ దాకా కోటల వరస. 1774లో కుచుక్ కైనార్జా సంధితో తుర్కీ చేతులు కట్టేశారు. 1783లో క్రిమియాను కలుపుకున్నారు. అదే ఏడు గియోర్గియెవ్స్క్ ఒప్పందంతో జార్జియా రాజు రెండో ఎరెక్లే రష్యా నీడ కిందికి వచ్చాడు. జార్జియాకు పోవాలంటే కాకసస్ కొండలు దాటాలి, దారి కావాలి, దారికి కాపలా కావాలి. అందుకే 1784లో వ్లాదికవ్కాజ్ కోట వెలిసింది. ఈ పటంలో చెచెన్లు ఎవరి లక్ష్యమూ కాదు. దారికి పక్కన ఉన్నారు, అంతే. కానీ తెరెక్ నది ఒడ్డున కొసాక్కుల (రష్యా సరిహద్దు కాపలా కాసే గుర్రపుదళాల వాళ్ళ) ఊళ్ళు పెరిగేకొద్దీ కిందనున్న పొలాలూ శీతాకాలం మేతభూములూ చేజారసాగాయి. విధేయతకు హామీగా ఊరి పెద్దల పిల్లల్ని అమానత్ పేరిట కోటల్లో ఉంచుకునేవాళ్ళు. 1783లో సున్జా దాటి అటాగి, గేఖీ గ్రామాల మీద దండు నడిపారు.

ఇదిగో, ఈ గాలిలో ఆల్ది అనే ఊళ్ళో ఉషుర్మా అనే పాతికేళ్ళ రైతు ప్రబోధం మొదలుపెట్టాడు. ఆల్ది ఇప్పటి గ్రోజ్నీ నగరం అంచున ఉంది. (ఈ పేరు గుర్తుపెట్టుకోండి. 2000 ఫిబ్రవరి 5న రష్యన్ బలగాలు యాభైమందికి పైగా పౌరుల్ని కాల్చి చంపిన నోవియె ఆల్ది ఇదే చోటు.) ఉషుర్మా 1760 ప్రాంతంలో పుట్టాడు. ఆస్తిపాస్తులు లేవు, గొర్రెలు కాసుకుంటూ పొలం చేసుకునేవాడు. చదవడం రాయడం రాదు. తరవాత ఆయన పేరుతో వెళ్ళిన లేఖలన్నీ ఇంకొకరి చేత రాయించినవే. కలలో ఇద్దరు గుర్రపురౌతులు ప్రవక్త పంపగా వచ్చి జనాన్ని దారిలో పెట్టమన్నారని ఊళ్ళో చెప్పుకున్నారు. ఉపవాసాలుండి, ఏకాంతంలో గడిపి, ఉన్న పశువును కోసి పేదలకు పంచి, 1785 మొదటి నెలల్లో బహిరంగంగా మాట్లాడటం మొదలెట్టాడు. అప్పటి నుంచే షేక్ మన్సూర్, ఇమాం అన్న పేర్లు వచ్చాయి.

ఏం చెప్పాడు? సారా మానండి, పొగాకు మానండి. పగలు మాఫీ చేసుకోండి, నెత్తురుకు నెత్తురు అనే లెక్క వదిలేయండి. జకాత్ (ముస్లింలు విధిగా ఇవ్వాల్సిన దానం) పేదలకు, దిక్కులేనివాళ్ళకు ఇవ్వండి. తగువు తీర్చాల్సింది అదత్ కాదు, షరియత్, అంటే ఇస్లాం ధర్మశాస్త్రం. ఇందులో మీకు మతం కనిపిస్తుంది, నాకు రాజకీయం కూడా కనిపిస్తుంది. అదత్ ప్రతి లోయకూ వేరు. షరియత్ అందరికీ ఒకటే. పగలున్నంత కాలం పక్క వంశంవాడితో కలిసి ఒక కందకంలో కూర్చోలేరు. పగ మాఫీ అయితేనే పొత్తు కుదురుతుంది. మన్సూర్ ఇదంతా లెక్కగట్టి చేశాడని నేననను. ఆయన నమ్మి చెప్పాడు, ఫలితం అలా వచ్చింది. ఆల్దికి జనం గుంపులు గుంపులుగా రాసాగారు. కానుకలు తెస్తే పంచేసేవాడు. చుట్టూ మహిమల కథలు అల్లుకున్నాయి. ఆరేళ్ళ తరవాత రష్యన్ల విచారణలో ఆయన చెప్పిన మాట నాకు చాలా ఇష్టం: తాను ప్రవక్తనని ఎన్నడూ అనలేదట, కానీ తన నడవడి చూసి జనం అలా అనుకుంటుంటే ఆపడం తన తరం కాలేదట.

మతగురువుల చరిత్రలో ఇలాంటివాళ్ళు చాలామంది లేచి చల్లారిపోయారు. మన్సూర్‌నూ వదిలేసి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. వదల్లేదు. కాకసస్ పాలన అప్పుడు పావెల్ పోత్యోమ్కిన్ చేతిలో ఉంది. కేథరిన్ రాణి కొలువులో చక్రం తిప్పిన గ్రిగోరీ పోత్యోమ్కిన్‌కు బంధువు. ఈయన ముందు "దొంగ ప్రవక్తను నమ్మకండి" అంటూ కొండజాతులకు ఒక ప్రకటన పంపాడు. దానివల్ల మన్సూర్ పేరు తెలియని ఊళ్ళకు కూడా తెలిసి ఉంటుంది. తరవాత ఆయన్ను పట్టి తెమ్మని కర్నల్ పియెరీని పంపాడు.

జూలై 6. (మన్సూర్ కాలం తేదీలన్నీ అప్పటి రష్యా పాత క్యాలెండర్‌వి, ఇప్పటి లెక్కకు పదకొండు రోజులు కలుపుకోండి.) పియెరీ వెంట ఆస్త్రఖాన్ రెజిమెంటు, జేగర్లు (తేలికపాటి కాల్బలం), గ్రెనేడియర్లు (ఏరికోరిన కాల్బలం), కొసాక్కులు, ఫిరంగులు. సున్జా దాటి, దట్టమైన అడవిలో ఇరుకు బాట గుండా నడిచి ఆల్ది చేరారు. ఊరు దాదాపు ఖాళీ. మన్సూర్ లేడు. పియెరీ ఊరిని తగలబెట్టించాడు, మన్సూర్ ఇల్లు కూడా అందులో పోయింది. పని అయిందనుకుని వచ్చిన బాటనే వెనక్కి తిరిగాడు. తప్పంతా అక్కడే జరిగింది. ఊరు కాలడం చూసినవాళ్ళు అప్పటికే ఆ బాటకు రెండు వైపులా చెట్ల చాటున ఉన్నారు. వరస కట్టి తూటాలు పేల్చడానికి అలవాటుపడ్డ సైన్యానికి ఆ అడవిలో వరస కట్టే చోటే లేదు. ఫిరంగి తిప్పడానికి చోటు లేదు. ఎవరు ఎక్కణ్ణుంచి కాలుస్తున్నారో కనిపించదు. పియెరీ చచ్చిపోయాడు, అధికారులు కూలారు, దళం చెదిరిపోయింది. వందల మంది చనిపోయారు, చాలామంది నదిలో పడి కొట్టుకుపోయారు, మిగిలినవాళ్ళు బందీలయ్యారు. ఫిరంగులు చెచెన్ల చేతికి చిక్కాయి. తరవాత నెపోలియన్ యుద్ధంలో బొరొదినో దగ్గర గాయపడి మరణించిన సేనాని ప్యోత్ర్ బాగ్రాతియోన్ ఆ రోజు పియెరీ దళంలో కుర్ర సైనికుడు. ఆయన కూడా గాయపడి పట్టుబడ్డాడనీ, చెచెన్లు డబ్బు తీసుకోకుండానే తిరిగి అప్పగించారనీ చెబుతారు.

నా దృష్టిలో మన్సూర్ వారసత్వం అంతా ఆ ఒక్క పగటిపూటలో ఉంది. షామిల్ కాలంలో, 1842లో చెచ్న్యాలోని ఇచ్కేరియా అడవిలో జనరల్ గ్రాబె దళానికీ, 1845లో దార్గో దండయాత్రలో వొరొంత్సొవ్ సేనకూ జరిగింది ఇంచుమించు ఇదే. లోపలికి రానివ్వడం, వెనక్కి వెళ్ళేటప్పుడు నరకడం. అరవై ఏళ్ళలో రష్యన్ సైన్యం మూడుసార్లు ఒకే పాఠం చదివింది. మూడోసారికి గానీ బుర్రకెక్కలేదు. ఆ తరవాత అడవిని గెలవాలనే ఆలోచన మానేసి గొడ్డళ్ళు పట్టుకుని ఏటా చలికాలంలో చెట్లు కొట్టుకుంటూ పోయారు. షామిల్‌ను చెచ్న్యాలో ఓడించింది తుపాకీ కన్నా గొడ్డలి అనే నేను పాఠంలో చెప్పేవాణ్ణి.

మరి మన్సూర్ ఎక్కడ చెడ్డాడు? గెలిచాక ఆగలేదు. ఆగనివ్వలేదేమో కూడా. వచ్చిన జనంలో సగం మంది దోపిడీ మీద ఆశతో చేరినవాళ్ళు, రంజాను ఉపవాసాలతో సరిపెట్టుకోరు గదా. కొద్దిరోజుల్లోనే కిజ్ల్యార్ మీదికి నడిచాడు. దారిలో ఒక చిన్న స్థావరాన్ని కాల్చేశారు గానీ కోట దగ్గరకు వచ్చేసరికి బురదనేలలో దిగబడిపోయారు. తరవాత గ్రిగోరియొపొలిస్ స్థావరం మీద దాడి, అదీ కుదరలేదు. ఆగస్టులో మళ్ళీ కిజ్ల్యార్, ఈసారి మరింత పెద్ద గుంపుతో. కోట గోడల వెనక ఫిరంగులు, ఎదురుగా కత్తులూ తుపాకులూ. ఫలితం ఊహించుకోవచ్చు. నవంబరు మొదట్లో కబర్దా వైపు తతార్తుప్ దగ్గర కర్నల్ నాగెల్ దళంతో తలపడ్డాడు. అక్కడ మన్సూర్ మనుషులు ఒక కొత్త ఉపాయం చేశారు. రెండు వరసల దుంగల మధ్య మట్టి నింపి, చక్రాల మీద నిలబెట్టిన అడ్డుగోడలు తోసుకుంటూ ముందుకు వెళ్ళారు. బుర్ర పనిచేసిందనే చెప్పాలి. అయినా ఓడారు.

అడవిలో అందరూ సమానం. మైదానంలో ఫిరంగి ఉన్నవాడిదే పైచేయి. మన్సూర్ బలం తన ఊరి చెట్లలో ఉంటే ఆయన పోరు మాత్రం పక్కవాడి గోడల కింద జరిగింది. షామిల్ ఈ సంగతి బాగా పట్టుకున్నాడు. కోటల మీద పడటం కన్నా లోయలను పాలించడం మీద ఎక్కువ దృష్టి పెట్టాడు. ఒక్కో ప్రాంతానికి నాయిబ్‌ను, అంటే తన ప్రతినిధిని, నియమించాడు, పన్ను వసూలు చేశాడు, ఖజానా పెట్టాడు, 1834 నుంచి 1859 దాకా పాతికేళ్ళు నిలిచాడు. మన్సూర్‌కు ఖజానా లేదు, నియమించిన అధికారి లేడు. జనం రావడం ఎంత తేలికో పోవడం అంత తేలిక.

వెళ్ళిపోయారు కూడా. తతార్తుప్ తరవాత కబర్దీలు జారుకున్నారు, కుమిక్ ప్రభువులు రష్యాతో మాట కలుపుకున్నారు, చెచెన్ ఊళ్ళ పెద్దలే కొందరు సంధికి వెళ్ళారు. దాగెస్తాన్‌లో అన్నిటికన్నా బలవంతుడు అవార్ల ప్రభువు ఉమ్మా ఖాన్. ఆయన అదే 1785లో తన దారిన తాను జార్జియా మీద దాడికి పోయాడు గానీ మన్సూర్ జెండా కిందికి రాలేదు. ఆశ్చర్యమేముంది? పుట్టుకతో వచ్చిన పెత్తనాన్ని లెక్కచేయని గొర్రెలకాపరిని చూసి ఖాన్లు రష్యాకు భయపడినంతా భయపడ్డారు.

ఇక తుర్కీ మనిషా అన్న ప్రశ్న. ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. 1950లో సోవియట్ ప్రభుత్వం ఉన్నట్టుండి షామిల్ ఉద్యమాన్ని తుర్కీ, బ్రిటన్ల కుట్రగా ప్రకటించింది. అంతకుముందు అదే ప్రభుత్వ పుస్తకాల్లో అది విముక్తి పోరాటం. చెచెన్లను 1944 ఫిబ్రవరిలో మొత్తంగా మధ్య ఆసియాకు తరలించేశాక, వాళ్ళ వీరులు వీరులుగా ఎలా ఉంటారు? ఆ వరసలో మన్సూర్ మీదా మచ్చ పడింది. ఇస్తాంబుల్ దస్తావేజులు మాత్రం వేరే కథ చెబుతాయి. మన్సూర్ పేరు మొదట విన్నప్పుడు సుల్తాన్ కొలువు సంతోషించలేదు, కంగారుపడింది. రష్యాతో సంధి ఉంది, ఇదెక్కడి గొడవ? పైగా తనను తాను ఇమాం అనుకునే పల్లెటూరి మనిషిని, ముస్లింలందరికీ ఖలీఫానని చెప్పుకునే సుల్తాన్ ఎలా నమ్ముతాడు? నల్లసముద్రం ఒడ్డున ఉన్న పాషాను విచారించమన్నారు, దూరంగా ఉండమన్నారు. 1787 ఆగస్టులో తుర్కీ తానే రష్యా మీద యుద్ధం ప్రకటించాక గానీ ఆయన అక్కరకు రాలేదు. అంటే తుర్కీ ఆయన్ను తయారు చేయలేదు. లేచి, గెలిచి, ఓడి, సొంత ఊరు చేజారాక ఆయనే తుర్కీ వైపు వెళ్ళాడు. వరస తిరగేస్తే మొత్తం అర్థం మారిపోతుంది.

1787లో కుబాన్ నది అవతల ఉండే చెర్కెస్ కొండజాతుల దగ్గరకు చేరాడు. అక్కడా రష్యన్ దళాలు వెంటపడ్డాయి. ఒక పోరులో బళ్ళన్నీ వలయంగా కట్టి అడ్డం పెట్టుకుని కాసేపు నిలబడ్డారు, ఫిరంగుల ముందు ఆగలేదు. చివరికి తుర్కీ కోట అనాపాలో తలదాచుకున్నాడు. 1791 జూన్ 22న జనరల్ గుదోవిచ్ అనాపాను ముట్టడించి పట్టుకున్నాడు, వేలమంది చనిపోయారు. మన్సూర్ దొరికాడు. ఆయన్ను పీటర్స్‌బర్గ్ తీసుకెళ్ళి రాణికి చూపించారు, విచారించారు, ష్లిస్సెల్‌బర్గ్ కోటలో యావజ్జీవం వేశారు. 1794 ఏప్రిల్ 13న అక్కడే పోయాడు. ఆ తుర్కీ యుద్ధాన్ని ముగించిన యాసీ సంధిలో రష్యా అనాపాను తుర్కీకి తిరిగి ఇచ్చేసింది, మన్సూర్‌ను ఇవ్వలేదు.

పెద్దగా ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. ఈ తిరుగుబాటూ ఆ వెంటే వచ్చిన తుర్కీ యుద్ధమూ కలిసి రష్యాను కాకసస్‌లో వెనక్కి లాగాయి. వ్లాదికవ్కాజ్ కోటను కట్టిన కొన్నేళ్ళకే వదిలేసి, మళ్ళీ 1803లో గానీ నిలబెట్టలేదు. 1787లో జార్జియా నుంచి రష్యన్ సేనలు వెళ్ళిపోయాయి. ఒప్పందాన్ని నమ్ముకున్న ఎరెక్లే ఒంటరివాడయ్యాడు, 1795లో ఇరాన్ నుంచి ఆగా మొహమ్మద్ ఖాన్ వచ్చి త్బిలిసీని కొల్లగొట్టాడు. మన్సూర్ ఇదేదీ కోరలేదు, చూడటానికీ లేడు.

షామిల్ గురువుల పరంపర నక్ష్‌బందీ అనే సూఫీ మార్గానిది. మన్సూర్ కూడా నక్ష్‌బందీయేనని చాలా చోట్ల రాసేస్తారు. దానికి గట్టి ఆధారం కనబడదు. షామిల్ కాలం నాటి నక్ష్‌బందీ శాఖ దాగెస్తాన్‌కు వచ్చిందే 19వ శతాబ్దంలో. తరవాతివాళ్ళు తమ వంశవృక్షానికి మొదట మన్సూర్‌ను చేర్చుకున్నారు, అందులో తప్పేమీ లేదు. 2014 తరవాత ఉక్రెయిన్ పక్షాన పోరాడటానికి వెళ్ళిన చెచెన్లు తమ దళానికి పెట్టుకున్న పేరు కూడా షేక్ మన్సూరే.

ఆఖరుగా ఆ ఇటలీ సన్యాసి. జొవాన్ని బత్తిస్తా బోయెత్తి అనే మనిషి నిజంగానే ఉన్నాడు. పియెమోంతె ప్రాంతం వాడు, డొమినికన్ సన్యాసి, మత ప్రచారానికి తూర్పు దేశాలు తిరిగాడు. 19వ శతాబ్దంలో తూరిన్ దస్తావేజుల్లో దొరికిన కాగితాలను బట్టి ఈయనే మతం మార్చుకుని మన్సూర్‌గా అవతరించాడని కథ పుట్టింది. ఐరోపా పత్రికలకు అది పండగ. నిలబడే కథ కాదు. ఆల్దిలో ఆయన ఇల్లు, తండ్రి, బంధువులు అందరికీ తెలుసు, పోత్యోమ్కిన్ వేగులు 1785లోనే ఆ వివరాలన్నీ రాసి పంపారు. పీటర్స్‌బర్గ్‌లో విచారించినవాళ్ళు తక్కువవాళ్ళు కాదు, కేథరిన్ రహస్య విచారణ శాఖవాళ్ళు. ఎదురుగా కూర్చున్నది కాథలిక్ సన్యాసి అని తేలితే ఆ సంగతి దాచుకునేవాళ్ళా? కొండజాతులందరికీ చాటింపు వేయించేవాళ్ళు. వాళ్ళ కాగితాల్లో ఉన్నది ఆల్ది గ్రామస్థుడు, రైతు, చదువు రానివాడు, దుబాసీ సాయంతో మాట్లాడినవాడు.